అరవై నాలుగో పేజీ

5 జనవరి 2016, మంగళవారం

సెలవుల తర్వాత మొదటి క్లాసు. చర్చి హాల్లో హీటర్ మళ్ళీ మూలపడింది. తొమ్మిది మందీ కోట్లు విప్పకుండా ముడుచుకుని కూర్చున్నారు. నేను విప్పాను. పాఠం చెప్పేటప్పుడు కోటు వేసుకోను. స్కూల్లో ముప్పై నాలుగేళ్ళూ వేసుకోలేదు, రిటైరయ్యాక ఈ వలస జనానికి సాయంత్రాలు ఇంగ్లీషు నేర్పుతున్నానని కొత్త అలవాట్లు చేసుకోను.

ఈ వేళ పాఠం రెండు ముక్కల క్రియలు. లుక్ అంటే చూడటం. దానికి ఆఫ్టర్ అని తోక తగిలిస్తే చూసుకోవడం. గెట్‌కి అప్ తగిలిస్తే నిద్ర లేవడం. జరిగిపోయిన పని చెప్పేటప్పుడు, అది ఎలా జరిగిందో చెప్పే మాట ఎక్కడ పెట్టాలన్నది అసలు సంగతి. పుట్టుకతో ఇంగ్లీషు వాళ్ళం, మేము ఆలోచించకుండా పెడతాం. వీళ్ళు అరగంట ఆలోచించి మరీ తప్పు చోట పెడతారు.

పీతల షెడ్డులో పనిచేసే పోర్చుగీసు మనిషి అడెలీనో బోర్డు మీద ‘ఐ గాట్ స్లోలీ అప్’ అని రాశాడు.

“క్రియను అక్కడ, తోకను ఇక్కడ పారేశావేం అడెలీనో? సగం లేచి సగం మంచంలోనే ఉండిపోయావా?” అన్నాను.

“నిజంగా అలాగే లేస్తా టీచర్. మా ఆవిణ్ణి అడగండి” అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చాక్‌పీసుతో పెద్దగా రాశాను: చివర ‘లీ’ తగిలించండి, క్రియకు ముందు పెట్టండి, బతికిపోతారు. స్లో అయితే స్లోలీ. కేర్‌ఫుల్ అయితే కేర్‌ఫుల్లీ.

రుమ్యానా చెయ్యెత్తింది. “ప్రతిదానికీనా టీచర్?”

“ప్రతిదానికీ.”

అరవై నాలుగో పేజీలో మినహాయింపులున్నాయి. ఫాస్ట్, హార్డ్ వగైరా. టైమైపోయింది. వచ్చే వారం చెప్పొచ్చు.

ఈ రుమ్యానా బల్గేరియా నుంచి వచ్చింది. నాలుగేళ్ళుగా మా అమ్మ ఇంట్లోనే ఉండి అమ్మను చూసుకుంటోంది. ఏజెన్సీ పంపిన మనిషి. అమ్మను ‘బాబా’ అంటుంది, వాళ్ళ భాషలో అమ్మమ్మ అనట. ఆమెను క్లాసులో చేర్చుకోమని పోరు పెట్టింది కూడా అమ్మే. చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంటుంది. అవునన్నప్పుడల్లా తల అడ్డంగా ఊపుతుంది, అదొక్కటే చిరాకు. వాళ్ళలో అడ్డం అవును, నిలువు కాదు.

క్లాసయ్యాక కుర్చీలు సర్దుతూ, “బాబాకి జలుబు చేసింది టీచర్. మీరెలా ఉన్నారని అడుగుతోంది. ఆదివారం వస్తారా?” అంది.

“చూస్తాను.”

“పోయిన ఆదివారం కూడా నీలం గౌను వేసుకుని కూర్చుంది” అంది.

ఇలాంటి మాటలు మనిషిని పొడవడానికే అంటారు. ఈమెకి ఆ సంగతి తెలిసి అంటుందో తెలియక అంటుందో నాలుగేళ్ళయినా పోల్చుకోలేకపోయాను.

9 జనవరి, శనివారం

ఫోను కోటు జేబులో ఉంది. కోటు హాల్లో కొక్కేనికి ఉంది. వినపడలేదు.

10 జనవరి, ఆదివారం

అమ్మ పోయింది. ఉదయం ఆరూ నలభైకి, ఆసుపత్రిలో. నిమోనియా అన్నారు. ఎనభై తొమ్మిదేళ్ళు.

నేను వెళ్ళేసరికి రుమ్యానా అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. వదలమంటే వదిలింది.

శనివారం పొద్దున్నే జ్వరం వస్తే అంబులెన్సు సాయంత్రం నాలుగింటిదాకా ఎందుకు పిలవలేదని నర్సు అడిగింది. నాకెవరూ చెప్పలేదు అన్నాను. అది నిజం. ఫోను ఎత్తలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

12 జనవరి, మంగళవారం

క్లాసు లేదు.

19 జనవరి, మంగళవారం

అంత్యక్రియలు. సముద్రం మీంచి గాలి ఎంత కొట్టిందంటే పాస్టర్ చేతిలో కాగితాలు నిలవలేదు.

రుమ్యానా నాకంటే ఎక్కువ ఏడ్చింది. జనం వరసకట్టి వెళ్ళి ఆమె భుజం తట్టారు. ఆ తర్వాత, అరె కూతురు కూడా ఉందే అన్నట్టు నా వైపు తిరిగారు. అమ్మ పక్కింటి లార్టర్, పీతలు పట్టి పట్టి ఒళ్ళంతా ఉప్పు వాసన వేసే ముసలాయన, నా చెయ్యి పట్టుకుని, “ఏమ్మా రోజలిండ్, నువ్వు ఈ ఊళ్ళోనే ఉంటున్నావా? నారిచ్ వెళ్ళిపోయావేమో అనుకున్నా” అన్నాడు.

మా ఇంటి నుంచి అమ్మ ఇంటికి పన్నెండు నిమిషాల నడక.

“ఆ పిల్ల మాత్రం, ఏం చూసుకుందమ్మా మీ అమ్మని. నా పెళ్ళాం నన్నట్లా చూసుంటే ఇంకో పదేళ్ళు పడవెక్కేవాణ్ణి.”

ఇంటికొచ్చి స్నానం చేశాను. ఆ ఉప్పు వాసన పోదు.

అమ్మ ఇంటి తాళం మార్పించాను. రుమ్యానా సామాను రెండు సంచులు. వరండాలో పెట్టించాను, వానలో కాదు. అమ్మ తెల్ల స్వెట్టరు ఆమె సంచిలో కనిపిస్తే తీసి లోపల పెట్టాను. అమ్మే ఇచ్చిందని తర్వాత చెప్పింది. కావచ్చు. కాగితం మీద లేదు కదా.

22 జనవరి, శుక్రవారం

ఏజెన్సీ నుంచి ఫోను. అమ్మ మడమ మీద చిన్న పుండు ఉందని, మంచం పట్టిన వాళ్ళకి వచ్చేదని ఆసుపత్రి వాళ్ళు రాశారట. అంబులెన్సు ఆలస్యం సంగతీ, కుటుంబానికి చెప్పకపోవడం సంగతీ కూడా. చివరిది నేనన్న మాటేనట.

విచారణ పెడతారు. అంతవరకు రుమ్యానాకు ఇంకో ఇల్లు ఇవ్వరు. తప్పు తేలితే ఈ దేశంలో ఇంకెప్పుడూ ముసలివాళ్ళను చూసుకునే పని ఇవ్వరు. పేరు జాబితాకి ఎక్కుతుంది, అంతే సంగతులు.

నేను ఫిర్యాదు చెయ్యలేదు. అడిగితే జవాబు చెప్పాను.

26 జనవరి, మంగళవారం

క్లాసు. అరవై మూడో పేజీ అభ్యాసాలు చేయించి అరవై అయిదుకి వెళ్ళాను. ఎవరూ గమనించలేదు. రుమ్యానా ముందు వరసలో కూర్చుంది, వేళ్ళ నిండా చిన్న చిన్న కోతలు. అడెలీనో పీతల షెడ్డులో పని ఇప్పించాడట. ఉండేది వాళ్ళ మేడ మీద గదిలో.

3 ఫిబ్రవరి, బుధవారం

మధ్యాహ్నం రుమ్యానా తలుపు కొట్టింది. చేతిలో పాలిథీన్ కవరు, దాంట్లో కాగితాలు.

“నా వాంగ్మూలం టీచర్. విచారణకి ఇవ్వాలి. నేనే రాశాను. మీరొక్కసారి చూస్తే నాకింక భయం లేదు.”

టీ ఇచ్చాను. బిస్కెట్లు కూడా పెట్టాను. ఆమె కుర్చీ అంచున కూర్చుని, నేను చదువుతున్నంతసేపూ నా ముఖమే చూసింది. స్కూల్లో కొందరు ఇలాగే చూసేవాళ్ళు. మనం కనుబొమ్మ ఎత్తితే వాళ్ళ ప్రాణం పోతుంది. అది నాకు ఎప్పుడూ ఇష్టమే.

పేజీన్నర. చేతిరాత ముత్యాల్లా ఉంది. నేను నేర్పిన వాక్యాలే, నేను చెప్పిన చోటే ప్రతి మాటా. పగలు రెండేసి గంటలకోసారి ఆమెను మెల్లగా పక్కకు తిప్పాను: ‘జెంట్‌లీ టర్న్‌డ్ హర్ ఓవర్’. తప్పు లేదు. ఆమె కూతురికి మళ్ళీ మళ్ళీ ఫోను చేశాను: ‘ఐ రిపీటెడ్‌లీ కాల్డ్ అప్ హర్ డాటర్’. తప్పు లేదు. పదకొండింటికి, ఒంటిగంటకి, మూడింటికి అని టైములు కూడా వేసింది.

రెండో పేరా మొదట్లో ఉంది ఆ వాక్యం. ‘ఫర్ ఫోర్ ఇయర్స్ ఐ హార్డ్‌లీ లుక్‌డ్ ఆఫ్టర్ మిసెస్ అట్టింగ్.’

నాలుగేళ్ళు మా అమ్మను ఎంతో కష్టపడి చూసుకున్నాను అని చెప్పాలనుకుంది. హార్డ్ అంటే కష్టపడి. చివర ‘లీ’ తగిలించింది, క్రియకు ముందు పెట్టింది. ప్రతిదానికీ అన్నాను కదా. ఇప్పుడా వాక్యం, నాలుగేళ్ళూ ఆమెను చూసుకున్నదే లేదు, అంటోంది.

“ఫోన్ల సంగతి తీసెయ్యి” అన్నాను. “వాళ్ళు అడుగుతున్నది నీ పని గురించి. అనవసరమైనవి పెడితే తప్పించుకుంటున్నావు అనుకుంటారు.”

“నేనూ అదే అనుకున్నా టీచర్. రాస్తుంటే బాధేసింది కూడా. మీకు బాధగా ఉంటుందని.” కప్పు పక్కన పెట్టి అంది, “బాబా అంబులెన్సుకి ఒప్పుకోలేదు. మంచం కమ్మీ పట్టుకుంది, మా రోజలిండ్ వచ్చాకే కదుల్తా అంది. నాలుగింటికి చేతిలో బలం పోయింది. అప్పుడు పిలిచా.”

నేను ఇంకో బిస్కెట్ తీసుకోమన్నాను.

ఫోన్ల మూడు వరసలూ కొట్టేశాను. అది మార్చడం కాదు, కుదించడం. ఏడు చోట్ల స్పెల్లింగు దిద్దాను. ఎనిమిదో తప్పు నా కంట పడలేదని రాద్దామనుకున్నాను ఇక్కడ. ఈ డైరీ ఎవరు చదువుతారు గనక. పడింది.

“ఈ వాక్యం,” వేలు పెట్టి చూపించాను. “నువ్వు అనుకున్నది ఇదేనా? అర్థం తెలిసే రాశావా?”

తల అడ్డంగా ఊపింది. వాళ్ళ లెక్కలో అవునని. మన లెక్కలో కాదని. ఏది తీసుకున్నా నేను ఒక మాట అనాల్సిందే. నేను కాగితాలు మడిచి ఆమె కవర్లో పెట్టాను.

సాక్ష్యంలో మాటలు మార్చడం నేరం. ఎవరినైనా అడగండి.

4 ఫిబ్రవరి, గురువారం

కుటుంబం తరఫున నన్నూ నాలుగు మాటలు రాసిమ్మన్నారు. రాశాను. ‘ఐ రెగ్యులర్‌లీ లుక్‌డ్ ఇన్ ఆన్ మై మదర్.’ క్రమం తప్పకుండా వెళ్ళి అమ్మను చూసి వచ్చేదాన్ని. క్రియా విశేషణం క్రియకు ముందు. తోక చెదరలేదు. పాఠ్యపుస్తకంలో అచ్చు వెయ్యొచ్చు.

నవంబరులో వెళ్ళాను. అక్టోబరులో కూడా ఒకసారి గేటు దాకా.

9 ఫిబ్రవరి, మంగళవారం

క్లాసు. అరవై ఎనిమిదో పేజీ.

18 ఫిబ్రవరి, గురువారం

విచారణ. బూట్ల కొట్టు మీద అంతస్తులో ఏజెన్సీ ఆఫీసు. విచారణ చేసేది మిసెస్ పాస్క్ అని ఒకావిడ, పడిశంతో ముక్కు ఎర్రబడి ఉంది. నా వయసే ఉంటుంది. మనిషి మంచిదే. అదే ఇబ్బంది అయింది.

“ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఇంకో రోజు పెట్టుకుందాం. కంగారేం లేదు” అంది రుమ్యానాతో.

“వద్దండి. మా టీచర్ ఉన్నారుగా” అంది రుమ్యానా. నా పక్క కుర్చీలో కూర్చుంది. జుట్టు నున్నగా దువ్వుకుని ముడేసుకుంది. ఎంత కడుక్కున్నా పీతల వాసన.

మిసెస్ పాస్క్ వాంగ్మూలం పైకి చదివింది. ఆ వాక్యం దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది.

“ఇది మీరన్న మాటేనా?”

రుమ్యానా తల అడ్డంగా ఊపింది.

“కాదంటున్నారా?”

“వాళ్ళ దేశంలో అడ్డంగా ఊపితే అవునని” అన్నాను నేను. “చాలామంది పొరబడతారు.”

మిసెస్ పాస్క్ నాకు థాంక్స్ చెప్పింది. రుమ్యానా కూడా చెప్పింది.

“అంటే, యూ హార్డ్‌లీ లుక్‌డ్ ఆఫ్టర్ హర్” అని ఆ మాటల్నే మిసెస్ పాస్క్ మెల్లగా, విడివిడిగా పలికింది.

“అవునండి. నాలుగేళ్ళు. ఒక్క సెలవు తీసుకోలేదు. హార్డ్‌లీ, హార్డ్‌లీ.” గుండె మీద చెయ్యి పెట్టుకుని మరీ అంది. గొంతులో ఎంత గర్వమో. నేను కిటికీలోంచి, సముద్రంలోకి కట్టిన పీర్ వంతెన వైపు చూశాను.

“మరి జ్వరమొచ్చిన రోజు కుటుంబానికి ఎందుకు చెప్పలేదు?”

రుమ్యానా నా వైపు చూసింది. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. ఆమె ముందుకు తిరిగి, “టీచర్‌కి చాలా పనులుంటాయండి. తప్పు నాదే, ఇంకా ముందే అంబులెన్సు పిలవాల్సింది” అంది.

మిసెస్ పాస్క్ అది రాసుకుంది. తర్వాత రుమ్యానాను కాసేపు బయట కూర్చోమంది. వెళ్తూ వెళ్తూ వంగి, “బాగా చెప్పానా టీచర్?” అని గుసగుసగా అడిగింది రుమ్యానా.

“బాగానే చెప్పావ్.”

తలుపు వేశాక మిసెస్ పాస్క్ ముక్కు తుడుచుకుని, “మిస్ అట్టింగ్, మిమ్మల్ని అడగొచ్చో లేదో తెలీదు. అమ్మగారు పోయిన బాధలో ఉన్నారు. కానీ ఆ వాక్యం నాకు మింగుడు పడట్లేదండి. ఆమె కష్టపడి అని చెప్పబోయి అలా రాసిందంటారా? చదువు చెప్పేది మీరు. ఆ రెండు మాటలకీ తేడా ఆమెకి తెలుసా?” అంది.

ఎవరికైనా ఇంతకంటే తేలికైన ప్రశ్న వేస్తారా. తెలియదు అంటే చాలు. ఒక్క మాట.

“నా క్లాసులో ఆమే ఫస్టు” అన్నాను. “ఈ పాఠం క్షుణ్ణంగా చెప్పాను.”

మొదటిది నిజం.

మిసెస్ పాస్క్ పెన్ను మూత పెట్టింది. “సరేనండి. మీకంటే ఎవరికి తెలుస్తుంది” అని కాగితాలు సర్దుకుంది.

రుమ్యానా మా అమ్మ మడమ మీద పుండు రానిచ్చింది. అది నిజంగానే ఉంది. నేను కనిపెట్టింది కాదు.

19 ఫిబ్రవరి, శుక్రవారం

పుండు పెన్నీ బిళ్ళంత ఉందని రాశారు. చూపించమని అడగలేదు నేను.

1 మార్చి, మంగళవారం

క్లాసుకి రుమ్యానా ఎర్రవీ తెల్లవీ కలిపి పేనిన దారాలు తెచ్చింది. మార్చి ఒకటిన ఇష్టమైన వాళ్ళ చేతికి కట్టడం వాళ్ళ ఆచారం. పూత పూసిన చెట్టు కనిపించేదాకా తియ్యకూడదట. అడెలీనో తన లావు చెయ్యి చాచి, “ఇది కడితే మా ఆవిడ ఊరుకోదు, ఎవరు కట్టారంటుంది” అన్నాడు. “మీ ఆవిడకే ముందు కట్టి వచ్చా” అంది రుమ్యానా.

నా దగ్గరికి వచ్చేసరికి చేతిలో రెండున్నాయి.

“ఒకటి బాబాది. పోయిన నెలే పేని పెట్టుకున్నా, ఆమె లేదన్న సంగతే మర్చిపోయి. ఇప్పుడెవరికి కట్టను టీచర్? రెండూ మీకే.”

రెండూ కట్టింది. ముడి గట్టిగా వేస్తుంది ఈ మనిషి. కొసలు పొడుగ్గా వదిలేసింది, కత్తిరించకూడదట. అమ్మ చేతికి ఏటా వేసవి దాకా ఒక మాసిన దారం ఉండేది. అడగాలనిపించలేదు ఎప్పుడూ.

“ఏజెన్సీ ఉత్తరం ఎప్పుడొస్తుంది టీచర్?”

“వస్తుంది.”

“మీరు చూసిచ్చారుగా. నాకు నిద్ర పడుతోంది.”

కత్తెర ఎక్కడ పెట్టానో కనబడలేదు. రేపు తీసేస్తాను.

7 మార్చి, సోమవారం

ఉత్తరం కాపీ నాకూ వచ్చింది. ‘సంరక్షకురాలు తన సొంత వాంగ్మూలంలోను, విచారణలోను స్వయంగా అంగీకరించినందున’ అని ఉంది. కింద ఆమె వాక్యం ఉన్నదున్నట్టు, కొటేషన్ గుర్తుల మధ్య. పేరు జాబితాకి ఎక్కింది.

మంచి ఇంగ్లీషులో రాశారు. మూడో పేరాలో ఒక కామా ఎక్కువైంది.

8 మార్చి, మంగళవారం

రుమ్యానా క్లాసుకి రాలేదు. అడెలీనో వచ్చాడు, దూరంగా కూర్చున్నాడు. జోకులు వెయ్యలేదు.

పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, “టీచర్, హార్డ్ అంటే ఏంటి, హార్డ్‌లీ అంటే ఏంటి?” అన్నాడు.

“అది వచ్చే టర్ములో వస్తుంది.”

“మా పుస్తకంలో ఈ టర్ములోనే ఉంది” అన్నాడు. తలుపు మెల్లగానే వేశాడు.

11 మార్చి, శుక్రవారం

కత్తెర దొరికింది. దారం తియ్యలేదు. ఆమె మళ్ళీ వస్తే చూస్తుంది, ఎందుకొచ్చిన గొడవ.

లార్టర్ పోస్టాఫీసు దగ్గర కనిపించి నన్ను చూడనట్టు ఎదురు పేవ్‌మెంట్ మీదికి పోయాడు. ముసలితనం, చూపు ఆనడం లేదేమో.

15 మార్చి, మంగళవారం

టర్ము చివరి క్లాసు. పరీక్ష. రుమ్యానా వచ్చింది.

ముందు వరసలో తన చోటులోనే కూర్చుంది. ముఖం మామూలుగా ఉంది. నా మణికట్టు వైపు ఒకసారి చూసింది.

ప్రశ్న ఒక్కటే పెట్టాను, డిసెంబరులోనే రాసిపెట్టుకున్నది: మీకు బాగా తెలిసిన ఒక మనిషి గురించి, జరిగిపోయిన సంగతులు, పది వాక్యాలు. ప్రతి వాక్యంలో ఒక రెండు ముక్కల క్రియ, అది ఎలా జరిగిందో చెప్పే మాట ఒకటి ఉండాలి. పదికి పది మార్కులు. ప్రశ్న మార్చగలిగేదాన్నే. మార్చితే ఎందుకు మార్చావని నన్ను నేనే అడగాలి.

అందరూ పెన్నులు నములుతుంటే ఆమె తలెత్తకుండా రాసింది. ఇరవై నిమిషాల్లో లేచింది. కాగితం తెచ్చి నా బల్ల మీద బోర్లా పెట్టింది.

“రేపు పొద్దున బస్సు టీచర్. మా ఊరు వెళ్ళిపోతున్నా.”

“ఫలితం ఎక్కడికి పంపమంటావు?”

“అక్కర్లేదు. మీరు దిద్దితే చాలు. మీరే దిద్దాలి.” కోటు గుండీలు పెట్టుకుంటూ అంది, “అరవై నాలుగో పేజీ నేనే చదువుకున్నా.”

అడెలీనో తల దించుకుని ఉన్నాడు. మిగతావాళ్ళకేం అర్థం కాలేదు. ఆమె వెళ్ళాక హీటర్ దానంతటదే పనిచెయ్యడం మొదలుపెట్టింది. అందరూ కోట్లు విప్పారు. నేను వేసుకున్నాను.

16 మార్చి, బుధవారం

పొద్దున్నే టీ పెట్టుకుని దిద్దడానికి కూర్చున్నాను. ఎనిమిది కాగితాలు దిద్దాను. అడెలీనోకి ఆరు. వాడికి లేవడం ఇప్పటికీ రాలేదు.

తొమ్మిదోది ఆమెది. పైన పేరు, తేదీ. మీకు బాగా తెలిసిన మనిషి అన్న చోట నా పేరు రాసింది. మిస్ రోజలిండ్ అట్టింగ్.

మొదటిది. ‘యువర్ మదర్ ఆఫెన్ ఆస్క్‌డ్ ఆఫ్టర్ యూ.’ మీ అమ్మ తరచు మీ గురించి అడిగేది. ఒప్పు. టిక్కు పెట్టాను.

రెండోది, ఆదివారాలు ఆమె సంతోషంగా ముస్తాబయ్యేది. ఒప్పు. మూడోది, మీరు మర్యాదగా వాయిదా వేసేవారు. ఒప్పు. ఒక్క ఆదివారాన్నీ పేరు పెట్టి చెప్పలేదు. నాకే ఒక్కొక్కటీ గుర్తొచ్చింది: చలి, మోకాలు, చర్చిలో పాత బట్టల అమ్మకం, మళ్ళీ మోకాలు.

నాలుగు, అయిదు ఆ స్వెట్టరు గురించి. ఆరోది మంచం కమ్మీ గురించి. ‘షి స్టబర్న్‌లీ హెల్డ్ ఔట్ ఫర్ యూ.’ మీ కోసం మొండిగా పట్టుబట్టి ఆగింది. నేను ఈ క్రియ క్లాసులో చెప్పలేదు. ఎక్కడో వెతికి పట్టుకుంది. టిక్కు.

ఏడోది. ‘ఐ రిపీటెడ్‌లీ కాల్డ్ యూ అప్.’ ఇది నేను కొట్టేసిన వాక్యమే. తిరిగి నా బల్ల మీదికే వచ్చింది.

కోటు హాల్లో కొక్కేనికి లేదు. నా ఒంటి మీదే ఉంది. ఆ శనివారం పదకొండింటికి నేను పీర్ మీద నడుస్తున్నాను, ఎండ కాస్తోంది. జేబులో ఫోను కొట్టుకుంది. తీసి చూశాను. ‘అమ్మ ఇల్లు’ అని ఉంది. మళ్ళీ ఆదివారం సంగతే అనుకుని జేబులో పెట్టుకున్నాను. ఒంటిగంటకి కాఫీ తాగుతూ చూశాను. మూడింటికి చూడలేదు, అదేనని తెలుసు కాబట్టి. అమ్మ ఇల్లు ఆ పీర్ మీంచి కనిపిస్తుంది. పొగగొట్టం, దాని కింద ఆమె పడుకున్న గది కిటికీ.

టిక్కు పెట్టాను.

ఎనిమిదోది ఒప్పు. తొమ్మిదోది, ‘ఐ హెల్డ్ ఆన్ హార్డ్.’ గట్టిగా పట్టుకున్నాను. ఆసుపత్రిలో అమ్మ చెయ్యి సంగతి. హార్డ్‌కి చివర ‘లీ’ లేదు. క్రియకు ముందు పెట్టలేదు, తోక తర్వాత పెట్టింది. ఉండాల్సింది అక్కడే. అరవై నాలుగో పేజీ ఎవరో పక్కన కూర్చుని చెప్పినట్టు వచ్చింది. టిక్కు.

పదోది.

‘యూ హార్డ్‌లీ లుక్‌డ్ ఆఫ్టర్ హర్.’

మూడుసార్లు చదివాను. కర్త, క్రియా విశేషణం, క్రియ, తోక, కర్మ. జరిగిపోయిన కాలం. నేను నేర్పిన చోటే ప్రతి మాటా. నేను ఈ చేత్తో ముప్పై నాలుగేళ్ళు దిద్దాను, తప్పు లేని కాగితం అంటూ ఉండదు, వెతికితే ఎక్కడో ఒకటి దొరుకుతుంది. వెతికాను.

దొరికింది. వాక్యం చివర చుక్క పెట్టలేదు. అర మార్కు తీసేశాను. ఎర్ర పెన్నుతో పైన రాశాను, తొమ్మిదిన్నర. బస్సు ఈపాటికి నారిచ్ దాటి ఉంటుంది.

అదే రోజు, తర్వాత

మళ్ళీ చూశాను. ఇందాక నా చేతి దారం కొస అడ్డం పడింది. చుక్క ఉంది.